కారవాన్ ఏసీ చల్లగా రావట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూడండి.. రాత్రిపూట జనరేటర్‌తో మాత్రం జాగ్రత్త!

మే నెల మధ్యాహ్నం. కోనసీమలో ఓ కొబ్బరితోట పక్కన కారవాన్ ఆగి ఉంది. పైకప్పు మీద ఏసీ తిరుగుతోంది, శబ్దం బాగానే వస్తోంది. లోపల మాత్రం ఉక్కపోత తగ్గట్లేదు. ఇలాంటప్పుడు ఎవరైనా మొదట చెప్పే మాట ఒక్కటే.. "గ్యాస్ అయిపోయుంటుంది, కొట్టించాలి".

చాలాసార్లు అసలు సమస్య గ్యాస్ కాదు. ఫిల్టర్‌లో దుమ్ము, కాయిల్ మీద ఉప్పు, లేదంటే చివరికొచ్చేసరికి పడిపోయిన వోల్టేజీ. ఈ మూడూ చూడకుండా గ్యాస్ కొట్టిస్తే డబ్బులు పోతాయి, ఏసీ కూడా పాడవుతుంది.

ఒకప్పుడు మన గోదావరి జిల్లాల్లో కారవాన్ అంటే సినిమా షూటింగ్ ఉన్నట్టే లెక్క. రాజమహేంద్రవరం, కోనసీమ, మారేడుమిల్లి.. ఎక్కడ షూటింగ్ జరిగినా హీరో కంటే ముందు కారవాన్ దిగేది. ఇప్పుడు ఫ్యామిలీలు కూడా కారవాన్లు అద్దెకు తీసుకుని తిరుగుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025లో కారవాన్ టూరిజానికి ప్రత్యేక పాలసీ కూడా తెచ్చింది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. అంటే ఈ బళ్లు మన రోడ్ల మీద ఇంకా పెరుగుతాయి. మరి పైకప్పు ఏసీని ఎలా చూసుకోవాలి? ఏది మనం చేసుకోవచ్చు? ఏది మెకానిక్‌కే వదిలేయాలి? పూర్తి వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

- పైకప్పు ఏసీల్లో ఎక్కువ శాతం సీల్డ్ యూనిట్లు. లీక్ లేకపోతే గ్యాస్ తగ్గదు. ఏటా గ్యాస్ నింపాల్సిన పనిలేదు.
- తిరిగే సీజన్‌లో ఫిల్టర్ వారానికోసారి కడగాలి. సముద్రం పక్కన ఆగితే కాయిల్‌ని మంచినీళ్లతోనే కడగాలి, ఉప్పు బోరు నీళ్లతో కాదు.
- లోపల నీళ్లు పడితే రెండే కారణాలు.. డ్రెయిన్ మూసుకుపోవడం, గ్యాస్కెట్ వదులవడం.
- జనరేటర్ నడుపుతూ కారవాన్‌లో నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

ఇంటి ఏసీకి, దీనికి తేడా ఏంటి?

ఇంట్లో స్ప్లిట్ ఏసీ అయితే లోపలొక బాక్స్, బయటొక బాక్స్ ఉంటాయి. మధ్యలో రాగి పైపులు. కారవాన్ పైకప్పు ఏసీలో ఇవన్నీ ఒకే బాక్స్‌లో ఉంటాయి. కంప్రెసర్, రెండు కాయిల్స్, ఫ్యాన్ మోటార్ అన్నీ పైకప్పు మీదే. పైకప్పుకు సుమారు 14 అంగుళాల చదరపు కన్నం పెట్టి, దాని చుట్టూ మెత్తటి గ్యాస్కెట్ వేసి, లోపలి నుంచి బోల్టులతో బిగిస్తారు. అంటే బాక్స్ బరువు, వాన నీళ్లు, రోడ్డు గతుకులు.. అన్నీ ఆ గ్యాస్కెట్ మీదే పడతాయి.

అన్ని కారవాన్లకూ ఇదే రకం ఉండదు. కొన్నిటికి ఇంటి స్ప్లిట్ ఏసీలే పెట్టి, బయటి యూనిట్‌ని బండి వెనకో, కిందో బిగిస్తారు. బస్సు బాడీ మీద కట్టినవాటికి ఇంజన్‌తో నడిచే బస్సు ఏసీ కూడా ఉండొచ్చు. మీ బండిలో ఏది ఉందో ముందే తెలుసుకోండి. ఫిల్టర్, కాయిల్, వైరింగ్ జాగ్రత్తలు అన్నిటికీ ఒకటే. గ్యాస్కెట్, సీల్డ్ గ్యాస్ సంగతి మాత్రం పైకప్పు బాక్స్ రకానికే వర్తిస్తుంది.

కెపాసిటీ లెక్క కూడా సింపుల్. 12,000 బీటీయూ అంటే ఒక టన్ను. మామూలుగా దొరికే 13,500 బీటీయూ యూనిట్ అంటే టన్నుకు కాస్త ఎక్కువ, 15,000 బీటీయూ అంటే టన్నుంపావు. అమెరికా మార్కెట్ కోసం చేసిన యూనిట్లు 115 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తాయి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకండ్ హ్యాండ్ యూనిట్ కొనేటప్పుడు పక్కనున్న స్టిక్కర్ చూడకుండా కొనొద్దు.

మన డెల్టాలో ఎందుకు త్వరగా పాడవుతుంది?

మొదటిది తేమ. ఏసీ రెండు పనులు చేస్తుంది.. గాలిని చల్లబరుస్తుంది, గాలిలో తేమను నీళ్లుగా మార్చి బయటికి పంపుతుంది. కాలువలు, చెరువులు, వరిచేలు, పక్కనే సముద్రం ఉన్న చోట ఈ రెండో పనికే ఏసీ శక్తి చాలావరకు పోతుంది. అందుకే పొడి వాతావరణంలో పది నిమిషాల్లో చల్లబడే బండి, ఇక్కడ అరగంట తీసుకుంటుంది. అది రిపేర్ కాదు, వాతావరణం.

రెండోది ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ.. ఇలాంటి చోట రాత్రంతా బండి ఆపితే కాయిల్ మీద ఉప్పు పొర పేరుకుంటుంది. రాగి, అల్యూమినియం కలిసే చోట తేమా ఉప్పూ చేరితే అల్యూమినియం తినేసినట్టు పొడిపొడిగా రాలిపోతుంది.

మూడోది దుమ్ము. దాళ్వా కోతలప్పుడు ఎగిరే గడ్డి నుసి, రైస్ మిల్లుల దగ్గర గాలిలో తేలే ఊక బూడిద, ఇటుక బట్టీల మసి, ఇసుక లారీల దుమ్ము. పైకప్పు మీదున్న కాయిల్ వీటన్నిటినీ లాక్కుంటుంది. తేమతో కలిసి అది బురదలా గట్టిపడుతుంది.

నాలుగోది కొబ్బరి మట్టలు. దీని సంగతి కింద విడిగా చెప్పుకుందాం.

ఫిల్టర్: ఐదు నిమిషాల పని

చల్లగా రావట్లేదంటే మొదట చూడాల్సింది ఇదే. లోపల సీలింగ్‌కి ఉండే గ్రిల్ తీస్తే ఫిల్టర్ చేతికొస్తుంది. ముందు ఏసీ ఆపండి. ఫిల్టర్‌ని సబ్బునీళ్లలో మెల్లగా కడగండి. పిండొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు. నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. తడి ఫిల్టర్ పెడితే బూజు వాసన ఖాయం.

మామూలు రోజుల్లో 15 రోజులకోసారి చాలు. షూటింగ్ డ్యూటీలో, కోతల సీజన్‌లో అయితే వారానికోసారి కడగాలి. ఒక స్పేర్ ఫిల్టర్ బండిలో ఉంచుకుంటే ఆరేదాకా ఆగక్కర్లేదు. "ఫిల్టర్ తీసేస్తే గాలి బాగా వస్తోంది" అని అలాగే నడిపేవాళ్లు కూడా ఉన్నారు. అలా చేస్తే ఆ దుమ్మంతా పోయి లోపలి కాయిల్‌కి పట్టేస్తుంది. అప్పుడు ఐదు నిమిషాల పని కాస్తా సగం రోజు పని అవుతుంది.

కాయిల్ మీద మంచు పేరుకుంటే?

ఏసీ మొదట చల్లగా వచ్చి, గంట తర్వాత గాలి తగ్గిపోతోందా? గ్రిల్ తీసి చూడండి. కాయిల్ మీద తెల్లగా మంచు కనిపిస్తే గాలి సరిగ్గా ఆడట్లేదని అర్థం. ఫిల్టర్ మూసుకుపోవడం, ఫ్యాన్ స్పీడ్ తక్కువ పెట్టడం, తలుపు మాటిమాటికీ తీయడం, టెంపరేచర్ మరీ తక్కువ పెట్టడం.. ఇవే కారణాలు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా మళ్లీ మంచు కడుతుంటే అప్పుడు గ్యాస్ తగ్గిందేమోనని అనుమానించాలి.

వెంటనే కూలింగ్ ఆపేసి ఫ్యాన్ మోడ్‌లో నడపండి, మంచు కరిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తోనో, కత్తితోనో గీకొద్దు. ఒక్క పైపుకు చిల్లు పడితే ఏసీ మొత్తం పోయినట్టే. బాగా ఉక్కగా ఉన్న రోజుల్లో ఫ్యాన్‌ని హై స్పీడ్‌లో పెట్టండి, మంచు సమస్య చాలావరకు రాదు.

ఇంకో చిన్న అలవాటు. ఏసీ ఆపే ముందు 15 నిమిషాలు ఫ్యాన్ ఒక్కటే నడిపి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి. లోపలి కాయిల్ ఆరిపోతుంది. పొద్దున్నే ఏసీ వేయగానే వచ్చే ముక్క వాసన తగ్గుతుంది.

బయటి కాయిల్: ఉప్పు నీళ్లతో ఉప్పు కడగొద్దు

బాక్స్ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది. స్క్రూలు తీస్తే బయటి కాయిల్ కనిపిస్తుంది. మెయిన్ కరెంటు, జనరేటర్, ఇన్వర్టర్ మూడూ ఆపాకే మూత తీయాలి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తక్కువ ప్రెజర్‌తో నీళ్లు పోయాలి. మోటార్ మీద, వైర్ల బాక్స్ మీద నీళ్లు పడకుండా కవర్ కట్టుకోవాలి.

సర్వీసింగ్ సెంటర్‌లో బండి కడిగే ప్రెజర్ గన్ దీని మీద వాడొద్దు. కాయిల్ రేకులు కాగితంలా పల్చగా ఉంటాయి, ఒక్క దెబ్బకు వంగిపోతాయి. వంగితే గాలి ఆడదు. కొన్ని వంగినవి ఉంటే ఫిన్ దువ్వెనతో సరిచేయొచ్చు. యాసిడ్ కలిసిన క్లీనర్లు అల్యూమినియాన్ని తినేస్తాయి, అవీ వద్దు.

సముద్రతీరంలో రాత్రి ఆగితే, తిరిగి వచ్చిన వెంటనే కాయిల్ కడగాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. తీరం పక్క ఊళ్లలో చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉన్న ఉప్పు పోకపోగా కొత్త ఉప్పు చేరుతుంది. నోట్లో వేసుకుంటే చప్పగా ఉండే మంచినీళ్లే వాడండి. రెండు టిన్నుల నీళ్లు సరిపోతాయి.

కొన్నాళ్లు నడపకుండా వదిలేసిన బండి అయితే మూత తీసినప్పుడు లోపల కందిరీగల గూళ్లు, చీమలు, ఎలుకలు కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడండి. చూడకుండా స్విచ్ వేస్తే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

లోపల నీళ్లు పడుతున్నాయా?

ఏసీ నడుస్తున్నప్పుడు మాత్రమే చుక్కలు పడుతున్నాయంటే డ్రెయిన్ మూసుకుపోయింది. కాయిల్ కింద ట్రే ఉంటుంది. అందులోంచి నీళ్లు పైకప్పు మీదికి పోయి పక్కనుంచి కారాలి. ఆ కన్నాల్లో బురద, ఆకులు చేరితే నీళ్లు లోపలికి పొంగుతాయి. ట్రే శుభ్రం చేస్తే చాలు. బండి ఒక పక్కకు వంగి ఉన్నా ఇలాగే జరుగుతుంది. కాలువ గట్టు మీద, రోడ్డు వారగా ఆపినప్పుడు బండి సమంగా ఉందో లేదో చూసుకోండి.

ఏసీ ఆపేసి ఉన్నా, వాన పడితే నీళ్లు వస్తున్నాయంటే మాత్రం గ్యాస్కెట్ వదులైంది. లోపలి బోల్టులు ఆరు నెలలకోసారి చూడాలి. గ్యాస్కెట్ తన మందంలో సగానికి నొక్కుకునేంత బిగువు చాలు. ఇంకా బిగిస్తే గ్యాస్కెట్ చచ్చిపోతుంది, పైకప్పు వంగుతుంది. నాలుగు బోల్టులూ సమంగా బిగించాలి. అప్పటికే నలిగి, గట్టిపడిన గ్యాస్కెట్ అయితే మార్చడమే మార్గం. చుట్టూ సిలికాన్ పూసి సరిపెడితే నీళ్లు కనిపించకుండా లోపలి ప్లైవుడ్‌లోకి దిగుతాయి. అది కుళ్లాక అయ్యే ఖర్చు గ్యాస్కెట్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. అలాంటి గాలివానల తర్వాత ఒకసారి పైకప్పు మొత్తం చూసుకోవాలి. మూత స్క్రూలు, గ్యాస్కెట్ అంచులు, కాయిల్‌లో ఇరుక్కున్న ఆకులు.. మూడూ చూడండి. తుపాను హెచ్చరిక రాగానే బండిని చెట్ల కింద నుంచి తీసేయడం మొదటి పని.

అసలు గ్యాస్ సంగతేంటి?

పైకప్పు ఏసీల్లో చాలావాటికి గ్యాస్ నింపే వాల్వే ఉండదు. ఫ్యాక్టరీలో తూకం ప్రకారం నింపి, పైపు మూసేస్తారు. ఫ్రిజ్ లాగన్నమాట. ఫ్రిజ్‌కి మనం ఏటా గ్యాస్ కొట్టించం కదా? ఇదీ అంతే. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ కనిపెట్టి, అతికి, వ్యాక్యూమ్ చేసి, యూనిట్ స్టిక్కర్ మీద రాసిన రకం గ్యాస్‌ని రాసిన గ్రాముల ప్రకారమే నింపాలి. స్టిక్కర్ మీద ఆర్-410ఏ అని ఉంటే అదే, ఆర్-32 అని ఉంటే అదే. "ఏదైనా ఒకటే" అన్నారంటే ఆ మెకానిక్ చేతికి ఇవ్వకండి. పైగా ఆర్-32కి మండే గుణం కొంత ఉంది.

మరి గ్యాస్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చిన్న టెస్ట్ ఉంది. మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు.

1. ఫిల్టర్ కడిగి, తలుపులు మూసి, 20 నిమిషాలు ఏసీ నడపండి.
2. గాలిని లోపలికి లాక్కునే గ్రిల్ దగ్గర టెంపరేచర్ చూడండి.
3. చల్లగాలి బయటికొచ్చే రంధ్రం దగ్గర చూడండి.
4. రెండిటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే ఏసీ బాగున్నట్టే. బాగా ఉక్కగా ఉన్న రోజు తేడా 8 దగ్గరే ఉండొచ్చు.

తేడా బాగానే ఉండి బండి చల్లబడట్లేదంటే తప్పు ఏసీది కాదు. ఎండలో బండి ఆపారు, కర్టెన్లు వేయలేదు, లేదా చల్లగాలి సీలింగ్ లోపలే లీకై వెనక్కి తిరిగిపోతోంది. చివరిది చాలా కారవాన్లలో ఉండే లోపమే. గ్రిల్ తీసి చూస్తే చల్లగాలి దారికి, వేడిగాలి దారికి మధ్య అడ్డం ఉంటుంది. దాని అంచుల్లో సందులుంటే అల్యూమినియం టేప్ వేస్తే సరిపోతుంది.

అన్నీ శుభ్రం చేశాక కూడా తేడా 5, 6 డిగ్రీలు దాటకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

కరెంటు: ఏసీని చంపేది ఎక్కువగా ఇదే

13,500 బీటీయూ యూనిట్ నడిచేటప్పుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో మాత్రం దానికి నాలుగైదు రెట్ల కరెంటు అడుగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ పెట్టించుకుంటే ఈ దెబ్బ బాగా తగ్గుతుంది, చిన్న జనరేటర్‌తో కూడా పని నడుస్తుంది.

బయట కరెంటు తీసుకునేటప్పుడు జాగ్రత్త. రొయ్యల చెరువులున్న ఊళ్లలో రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతుంటే వోల్టేజీ పడిపోవచ్చు. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ స్టార్ట్ అవ్వలేక మూలుగుతూ వేడెక్కుతుంది. ప్లగ్ దగ్గర ఒక చిన్న వోల్ట్ మీటర్ పెట్టుకోండి. ఏసీ నడుస్తుండగా 200 కంటే తగ్గితే ఆపేయండి.

- వైరు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ప్లగ్ 16 ఆంపియర్లది ఉండాలి. దూరం 20 మీటర్లు దాటితే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి.
- వైరు చుట్ట పూర్తిగా విప్పాకే వాడాలి. చుట్టి ఉంచితే లోపల వేడెక్కి కరిగిపోతుంది.
- ఎర్త్ లేని ప్లగ్‌కి కారవాన్ కలపొద్దు. బండి బాడీ అంతా ఇనుమే. తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది.
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి.
- కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగాకే ఏసీ వేయండి. రెండు ఏసీలుంటే ఒకటి కుదురుకున్నాక రెండోది వేయండి.

ఏసీ మూలుగుతూ స్టార్ట్ అవ్వట్లేదంటే కెపాసిటర్ పోయుండొచ్చు. ఇది చవకైన పార్టే. కానీ కరెంటు ఆపాక కూడా అందులో షాక్ ఉంటుంది. సొంతంగా ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించండి.

"బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుందా?" లెక్క వేద్దాం. 12 వోల్టుల 200 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో 2.4 యూనిట్ల కరెంటు ఉంటుంది. వాడుకోదగ్గది సగమే. అంటే ఏసీ గంట కూడా నడవదు. 48 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో 9.6 యూనిట్లు ఉంటాయి, సుమారు ఐదారు గంటలు నడుస్తుంది. అందుకే చాలామంది జనరేటర్ వేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

జనరేటర్ పొగ: వాసన రాదు, కనపడదు

2024 డిసెంబరు 23. కేరళలోని కోజికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఇద్దరూ ఆ బండి మీద పనిచేసేవాళ్లే, అందులో ఒకరు డ్రైవర్. జనరేటర్ వేసుకుని, ఏసీ పెట్టుకుని లోపల విశ్రాంతి తీసుకున్నారు. తర్వాత కోజికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు అదే బండిలో పరీక్ష చేశారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగున ఉన్న కన్నం గుండా లోపలికి చేరినట్టు తేలింది. రెండు గంటల్లో అది 957 పీపీఎంకి చేరింది.

ఆ అంకె ఎంత పెద్దదో చెప్పుకుందాం. 400 పీపీఎం దగ్గర ఒకటి రెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. 800 దగ్గర 45 నిమిషాల్లో కళ్లు తిరగడం, వాంతులు.. రెండు మూడు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఈ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఎక్కాల్సిన చోట ఇది ఎక్కి కూర్చుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లు తలనొప్పి వస్తే బయటికి వస్తారు. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ అవకాశం కూడా ఉండదు.

చాలామందికి ఒక అపోహ ఉంది.. ఏసీ వేస్తే బయటి గాలి లోపలికి వస్తుందని. రాదు. ఏసీ లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. లోపలికి చేరిన విషవాయువు లోపలే ఉండిపోతుంది.

షూటింగ్ కారవాన్లలో ఆర్టిస్టులు పగలు కాసేపు ఉండి వెళ్లిపోతారు. రాత్రి అందులో పడుకునేది డ్రైవర్లు, అసిస్టెంట్లు. దోమలు, ఉక్కపోత తట్టుకోలేక తలుపులు బిగించుకుని ఏసీ వేసుకునేదీ వాళ్లే. అందుకే ఈ నియమాలు బండి యజమానులు, మేనేజర్లు తప్పనిసరిగా చదవాలి.

- బండికి బిగించిన జనరేటర్ నడుస్తుంటే లోపల నిద్ర వద్దు. రాత్రికి బయటి కరెంటు చూసుకోండి, లేదంటే జనరేటర్ ఆపి కిటికీలు తెరిచి, దోమతెర కట్టుకోండి.
- పడుకునే చోట బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. దానికీ గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. పొగ అలారం దీన్ని పసిగట్టదు.
- బండి ఫ్లోర్‌లో వైర్లు, పైపుల కోసం వేసిన ప్రతి కన్నాన్ని సీల్ చేయించండి.
- సైలెన్సర్ పైపు పగిలిందా, జాయింట్ వదులైందా.. ప్రతి ట్రిప్‌కి ముందు చూడండి.
- గోడకు, గట్టుకు, ఇంకో బండికి ఆనించి ఆపి జనరేటర్ వేయొద్దు. పొగ పోయే దారి ఉండాలి. పక్క బండి జనరేటర్ పొగ కూడా మీ బండిలోకి రావొచ్చు.
- లోపల ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే అనుమానించండి. వెంటనే అందరూ బయటికి వచ్చి, 108కి ఫోన్ చేయండి.

కొబ్బరి మట్టలు, తక్కువ ఎత్తు బ్రిడ్జిలు

పైకప్పు ఏసీ వల్ల బండి ఎత్తు ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా పెరుగుతుంది. కోనసీమ కాలువ గట్ల రోడ్ల మీద రెండు పక్కలా కొబ్బరి చెట్లు వంగి ఉంటాయి. ఎదురుగా బస్సు వస్తే ఎడమకు దిగాలి, అప్పుడు మట్ట నేరుగా ఏసీ మూతకు తగులుతుంది. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ఒక్క దెబ్బకే పగులుతుంది. పగులు చిన్నదే అనిపించినా, వేగంగా వెళ్లేటప్పుడు మూత ఎగిరి వెనక వచ్చే బైక్ మీద పడొచ్చు.

ఏసీతో కలిపి బండి మొత్తం ఎత్తు ఎంతో టేపుతో కొలిచి, స్టీరింగ్ ఎదురుగా రాసి అతికించండి. రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర ఎత్తు బోర్డు చూడకుండా ముందుకు వెళ్లొద్దు. మారేడుమిల్లి ఘాట్‌లో వంగిన కొమ్మలతోనూ ఇదే జాగ్రత్త. ఇక నీడ ఉంది కదా అని కాయలున్న కొబ్బరిచెట్టు కింద బండి ఆపితే ఏసీ మీద ఏం పడుతుందో చెప్పక్కర్లేదు.

పైకి ఎక్కే ముందు తలెత్తి చూడండి. పల్లెల్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. తీగల కింద బండి ఉంటే పైకి ఎక్కొద్దు. తడి పైకప్పు మీద అసలు ఎక్కొద్దు. కింద ఒక మనిషి నిచ్చెన పట్టుకుని ఉండాలి.

ఎప్పుడు ఏం చేయాలి?

- ప్రతి ట్రిప్‌కి ముందు: ఫిల్టర్, ఏసీ మూత స్క్రూలు, అలారం టెస్ట్ బటన్, జనరేటర్ సైలెన్సర్.
- వారానికోసారి, సీజన్‌లో: ఫిల్టర్ కడగడం.
- సముద్రతీరం నుంచి వచ్చాక: మంచినీళ్లతో బయటి కాయిల్ కడగడం.
- ఫిబ్రవరి, మార్చిలో: మూత తీసి కాయిల్స్ శుభ్రం, ఫిన్లు సరిచేయడం, కెపాసిటర్, వైర్ జాయింట్లు చెక్. రోహిణి కార్తె వచ్చాక మెకానిక్‌లు దొరకరు.
- జూన్‌లో, వానలకు ముందు: గ్యాస్కెట్ బోల్టులు, డ్రెయిన్ ట్రే.
- బండి ఖాళీగా ఉన్నప్పుడు: నెలకోసారి అరగంట నడపడం, గూళ్లు ఉన్నాయేమో చూడటం.

అద్దెకు తీసుకుంటున్నారా? ఐదు ప్రశ్నలు అడగండి

1. రాత్రి ఏసీ దేని మీద నడుస్తుంది.. బయటి కరెంటా, బ్యాటరీనా, జనరేటరా?
2. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? బటన్ నొక్కి చూపించగలరా?
3. ఫిల్టర్ ఎప్పుడు కడిగారు? గ్రిల్ తీసి చూడండి, రెండు నిమిషాల పని.
4. సీలింగ్ మీద నీటి మరకలున్నాయా? ఉంటే వానాకాలంలో ఆ బండి వద్దు.
5. డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటారు?

తరచూ వచ్చే డౌట్లు

18లో పెడితే త్వరగా చల్లబడుతుందా? లేదు. మామూలు కంప్రెసర్ ఏ నంబర్‌లో పెట్టినా ఒకే శక్తితో నడుస్తుంది, 18కి చేరేదాకా ఆగకుండా తిరుగుతుంది, అంతే. 24 నుంచి 26 మధ్య పెట్టుకోండి. ఎండెక్కక ముందే ఏసీ వేసి, కర్టెన్లు మూస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది.

ఇంటి ఏసీ మెకానిక్‌తో చేయించొచ్చా? కాయిల్ శుభ్రం, కెపాసిటర్ మార్చడం లాంటివి చేయించొచ్చు. గ్యాస్కెట్, పైకప్పు సీలింగ్ పని మాత్రం కారవాన్ బాడీ కట్టేవాళ్లకే ఇవ్వండి.

బండి ఆపేసినప్పుడు ఏసీ మీద కవర్ వేయాలా? వేయొచ్చు, కానీ గాలి ఆడే గుడ్డ కవర్ అయితే మంచిది. పాలిథిన్ కడితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది. కవర్ తీయకుండా ఏసీ వేయొద్దు.

సోలార్ ప్యానెల్‌తో నడుస్తుందా? పైకప్పు మీద పట్టే 400 వాట్ల ప్యానెల్ ఏసీకి సరిపోదు. లైట్లు, ఫ్యాన్లు, ఫోన్ చార్జింగ్‌కి వాడుకోవచ్చు.

ఏసీ ఆగిపోతే ఆ రాత్రికి చెమట పడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. జనరేటర్ పొగ అలా కాదు. అందుకే షూటింగ్ అయినా, ఫ్యామిలీ ట్రిప్ అయినా కారవాన్ దిగి హోటల్‌కి వెళ్లే ముందు డ్రైవర్‌ని ఒక్క మాట అడగండి.. "అన్నా, రాత్రికి జనరేటర్ ఆపేస్తున్నావు కదా?"